ఫోర్ట్ కొచ్చిలో ఆర్ట్ హోమ్‌స్టే: రాత్రికి 5,500 పెట్టేంత ఉందా?

పెసరట్టు_ఉప్మా
జనవరి రెండో వారంలో కొచ్చి వెళ్దామని. నేను, మా ఆవిడ, మా అమ్మ. అక్కడ రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన, బినాలే, చూడాలని మా ఆవిడ ఎప్పట్నుంచో అంటోంది. ఈసారిది 2025 డిసెంబర్ 12న మొదలై 2026 మార్చి 31 దాకా ఉంటుంది.

గొడవంతా బస దగ్గర వచ్చింది. నీళ్ళకి అవతలి ఒడ్డున ఎర్నాకులంలో లిఫ్టు, ఏసీ, టీవీ ఉన్న హోటల్ గది రెండున్నర వేలకి దొరుకుతోంది. మా ఆవిడేమో ఫోర్ట్ కొచ్చిలో ఒక పాత డచ్చి ఇల్లు పట్టుకుంది. ఇంటాయన చిత్రకారుడట. ప్రతి గదిలో గోడ మీద పెద్ద బొమ్మ, పొద్దున్న టిఫిన్ వాళ్ళే పెడతారు, రాత్రికి 5,500. టీవీ లేదు, లిఫ్టు లేదు, పది దాటితే గేటుకి తాళం. ఇంకొకళ్ళ ఇంట్లో బిక్కుబిక్కుమంటూ పడుకోడానికి రెండింతలు ఎందుకివ్వాలో నాకు అర్థం కావట్లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా వెల్లుల్లి కూడా తినదు.

వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. బొమ్మల కోసం పడుకునే గది కూడా బొమ్మల కొలువు కావాలా?

నిజాంపేట_నాని
దండగ అన్నా. ఎర్నాకులంలనే ఉండు. పొద్దున పడవెక్కి పో, సాయంత్రం రా. అయిపాయె.

వంకాయ_మెంతికారం
టీవీ లేదని కేరళ మానేసేవాళ్ళని ఇక్కడే చూస్తున్నా. ఆ మూడ్రోజులు సీరియల్ చూడకపోతే ఏమవుతుందండీ?

పెసరట్టు_ఉప్మా
@వంకాయ_మెంతికారం, సీరియల్ నాకు కాదండీ, అమ్మకి. మీరు అమ్మతో మాట్లాడతానంటే నంబరిస్తా.

కుంచె_కాగితం
నేను డ్రాయింగ్ టీచర్ని, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

మేం దిగింది కూడా ఇలాంటి ఇల్లే, బర్గర్ స్ట్రీట్‌కి దగ్గర్లో. వీధిలోంచి చూస్తే ఏమీ ఉండదు, పసుపు గోడ, మూసి ఉన్న చెక్క తలుపులు. లోపల పెంకుల కప్పు, మూర కంటే మందమైన గోడలు. మంచం తలాపి వైపు గోడంతా కేరళ పద్ధతి మ్యూరల్, అర్జునుడూ కిరాతుడి వేషంలో శివుడూ. మొదటి రాత్రి మా అబ్బాయి ఆ కళ్ళకి జడిసి దుప్పటి ముసుగేసుకున్నాడు, అది నిజమే.

కానీ డబ్బు ఆ బొమ్మకి కాదు. పొద్దున్న టిఫిన్ దగ్గర ఇంటాయన వచ్చి కూర్చుని, అది ఎలా వేశాడో చెప్పాడు. ఆ సంప్రదాయంలో ఐదే రంగులు. ఎరుపు, పసుపు రాళ్ళ నుంచి. ఆకుపచ్చ చెట్టు బంకలో నీలిమందు కలిపి. నలుపు నూనె దీపం మసి. మరి తెలుపు? తెలుపు అసలు వెయ్యరు! గోడకి పూసిన సున్నాన్నే అక్కడ వదిలేస్తారు. అంటే కిరీటంలో ముత్యం ఎక్కడ రావాలో ముందే లెక్క చూసుకుని దాని చుట్టూ రంగు నింపుకుంటూ రావాలి. నల్ల గీత ఆఖర్న, కళ్ళు అన్నిటికంటే ఆఖర్న.

ఇది విన్న మర్నాడు మట్టాంచేరి ప్యాలెస్‌కి వెళ్ళాం. రాజుగారి పడకగది గోడల మీద రామాయణం, 16వ శతాబ్దంలో మొదలెట్టిన పని. అంతకు ముందు ఓసారి స్కూలు టూరులో అదే గదిలోంచి ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాను. ఈసారి ముత్యాలు చూస్తూ నిలబడిపోతే కాపలా అమ్మాయి వచ్చి 'కదలండి' అంది. ఎర్నాకులం హోటల్లో దిగితే నాకు ఆ ముత్యాల సంగతి ఎవరు చెప్తారు?

నిజాంపేట_నాని
@కుంచె_కాగితం మేడమ్, మీకు మంచోడు దొరికిండు. మాకు దొరికింది వేరే.

ఇద్దరం దోస్తులం కలిసి పోయినం. 'ఆర్ట్ హోమ్‌స్టే' అనే రాసిండ్రు. పోతే ఇంటాయన లేడు, దుబాయ్‌ల ఉంటడంట. ఒక పోరడు వచ్చి తాళంచెవి ఇచ్చి పోయిండు. గోడ మీద పెద్ద ఏనుగు బొమ్మ ఉన్నది, కాదంట లేను. కానీ ఆ ఏనుగు కన్ను ఉండాల్సిన కాడ స్విచ్‌బోర్డు. ఫ్యాన్ వెయ్యాలంటే ఏనుగు కంట్ల పొడవాలె. రాత్రి వాన పడ్డది, తెల్లారి లేచి చూస్తే తొండం పెచ్చులు పెచ్చులుగ రాలి నా దిండు మీద ఉన్నది. టిఫిన్ అంటే బ్రెడ్డు, ఆమ్లెట్, అది గూడ పార్శిల్. గందుకే చెప్తున్న.

బెజవాడ_బస్టాండు
ఏనుగు కంట్లో పొడవడం 😂 నాని గారూ, ఫ్యాను రెగ్యులేటరు ఎక్కడుందో చెప్పకండి.

చిలకలపూడి_చిన్నది
ఏ ఇల్లో పేరు చెప్పండి, మేం బుక్ చెయ్యకుండా ఉంటాం.

వేదిక_నిర్వాహకుడు
ఇళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. పోయినేడాది ఒక రిసార్ట్ మీద జరిగిన గొడవ చాలు. అనుభవం రాయండి, పేర్లు వద్దు.

కొచ్చి_కోడలు
మాది రాజమండ్రి, అత్తారిది తోప్పుంపడి. అంటే ఫోర్ట్ కొచ్చికి ఆటోలో వెళ్ళేంత దూరం. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కాకపోతే నాని గారు దిగింది హోమ్‌స్టే కాదు.

ఇక్కడ హోమ్‌స్టే అంటే ఇంటివాళ్ళు అదే ఇంట్లో కాపురం ఉండాలి, గదులు ఆరు దాటకూడదు. టూరిజం డిపార్ట్‌మెంటు వాళ్ళొచ్చి చూసి డైమండ్, గోల్డ్, సిల్వర్ అని తరగతి ఇస్తారు. తలుపు పక్కన ఆ బోర్డు ఉంటుంది. బుక్ చేసేముందు రెండే ప్రశ్నలు వెయ్యండి. 'మీరు ఇంట్లోనే ఉంటారా?' 'మీకు ఏ తరగతి ఇచ్చారు?' మొదటిదానికి జవాబు నసిగితే వదిలెయ్యండి. గోడ మీద నాలుగు బొమ్మలు వేయించి ఆర్ట్ అనే మాట తగిలించడం 2012లో మొదటి బినాలే అయ్యాక బాగా పెరిగింది. అంతకుముందు కూడా ఇక్కడ చిత్రకారులున్నారు, గ్యాలరీలున్నాయి, ఆర్ట్ కేఫ్‌లున్నాయి. కానీ ఆ తర్వాత చేపల వాసన వచ్చే ప్రతి గిడ్డంగీ గ్యాలరీయే.

ఎర్నాకులంలో ఉండి రోజూ రావడం కుదురుతుంది, కానీ ఫోర్ట్ కొచ్చి అందం పొద్దున ఏడుకి ముందు, సాయంత్రం ఐదు తర్వాత. మధ్యలో ఎండ, టూరిస్టు బస్సులు. పడవలో వచ్చేవాళ్ళు దిగేసరికి తొమ్మిదిన్నర. చీనావలలు అన్నీ అప్పటికి ఫోటోల కోసమే దించి లేపుతుంటారు. అసలు చేపలు పట్టేది చూడాలంటే తెల్లారగట్ల నడిచి వెళ్ళాలి. వెనక తాళ్ళకి కట్టిన రాళ్ళ బరువు మీద అంత పెద్ద వల పైకి లేస్తుంది, ఐదారుగురు లాగుతారు. పైకొచ్చాక చూస్తే గుప్పెడు చేపలుంటాయి, పాపం.

అమ్మగారి గురించి విడిగా రాస్తా, పిల్లాడు లేచాడు.

టికెట్_కన్ఫర్మ్
అందరూ గోడల గురించే మాట్లాడుతున్నారు. జనవరి రెండో వారం అన్నారు, మకరజ్యోతి వారం అది. శబరి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ తీసుకున్నారా అసలు?

పెసరట్టు_ఉప్మా
@టికెట్_కన్ఫర్మ్ ఇంకా లేదు. బస తేలాక చేద్దామని.

టికెట్_కన్ఫర్మ్
🙏

స్వామియే_శరణం
మేం ఏటా శబరిమల వెళ్తాం, ఆయన దణ్ణం పెట్టింది అందుకే. సికింద్రాబాద్ నుంచి ఎర్నాకులం టౌన్ దాకా బండి మొత్తం మాల వేసుకున్న స్వాములే. దర్శనం అయ్యాక ఓసారి మా గురుస్వామి 'కొచ్చి చూద్దాం' అంటే ఫోర్ట్ కొచ్చిలో ఒక హోమ్‌స్టేలో అడిగాం. ఇంటామె చాలా మర్యాదగా 'మా ఇంట్లో రోజూ చేపలు వండుతాం, మీకు ఇబ్బంది, స్వామీ' అని తనే చెప్పి పంపేసింది. డబ్బుకి ఆశపడకుండా చెప్పింది చూడండి, నాకు నచ్చింది.

వంకాయ_మెంతికారం
అయితే ఈయన అమ్మగారికి వెల్లుల్లే పడదంటున్నారు, చేపల సంగతేంటి?

కొచ్చి_కోడలు
అదే రాద్దామని వచ్చా.

హోమ్‌స్టేలో టిఫిన్ ఇంట్లో వండేదే కాబట్టి ముందు రోజు రాత్రి చెప్తే అమ్మగారికి వేరేగా చేస్తారు. పుట్టు-కడల (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి, నల్ల శనగల కూర), ఇడియప్పం, అప్పం. అప్పంలోకి స్టూ అంటే కొబ్బరిపాలతో చేసే తెల్ల కూర, కొన్ని ఇళ్ళల్లో అందులో చికెనో మటనో ఉంటుంది. 'వెజిటబుల్ స్టూ' అని గట్టిగా చెప్పండి. కడల కూరలో కొందరు వెల్లుల్లి వేస్తారు. ఏమీ కుదరకపోతే ఆవిరి మీద ఉడికించిన నేంద్రం అరటిపండు ఉండనే ఉంది, పెద్దవాళ్ళకి బాగుంటుంది. కానీ గిన్నె మాత్రం అదే, పొయ్యి అదే. అంత పట్టింపు ఉంటే హోమ్‌స్టే వద్దు, నిర్మొహమాటంగా చెప్తున్నా.

మధ్యాహ్నం భోజనానికి మట్టాంచేరి వైపు కొంకణి వాళ్ళ చెర్లాయి, గుజరాతీల వీధి ఉన్నాయి. శుద్ధ శాకాహారం అక్కడ దొరుకుతుంది. వేడినీళ్ళు గులాబీ రంగులో ఇస్తే కంగారు పడొద్దు, పతిముఖం చెక్క వేసి కాచిన నీళ్ళవి. మా అమ్మ మొదటిసారి చూసి గ్లాసు కడగలేదనుకుంది.

బెజవాడ_బస్టాండు
పచ్చడి సీసా పట్టుకెళ్ళండి. ఇది ఆర్టుకి సంబంధం లేదు, ప్రాణానికి సంబంధం.

మోకాలి_చిప్ప
మెట్ల గురించి ఎవరూ మాట్లాడలేదే. నాది అరవై దాటిన వయసు, ఈ పాత ఇళ్ళ మీద నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది. ఆ డచ్చి ఇళ్ళ చెక్క మెట్లు నిచ్చెన్లలా నిటారుగా ఉంటాయి. మేం దిగిన ఇంట్లో మంచి గదులన్నీ మేడ మీదే, కింద వాళ్ళు కాపురం. బాత్రూములు తర్వాత కట్టినవి కాబట్టి గదికీ బాత్రూముకీ మధ్య జానెడు ఎత్తు గట్టు. రాత్రి లేచినప్పుడు కాలికి అదే తగిలేది. ఫోటోల్లో మంచం, బొమ్మ, కిటికీలో బోగన్‌విలియా పెడతారు, గట్టు ఫోటో ఎవడూ పెట్టడు. కాబట్టి బాబూ, కింద గది ఉంటేనే వెళ్ళండి, బాత్రూం గడప ఫోటో అడిగి తెప్పించుకోండి.

మిగతాది బాగుంది. కాకుల గోల, చర్చి గంట, మసీదు పిలుపు, అన్నీ ఐదు నుంచి వరసగా వినిపిస్తాయి. మావారు విసుక్కున్నారు, నాకు హాయిగా ఉంది.

పెసరట్టు_ఉప్మా
గట్టు విషయం నాకు తట్టలేదు. అడుగుతా.

కాళహస్తి_కలం
కుంచె_కాగితం గారు చెప్పింది చదివి రాస్తా ఉన్నా. మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారీ పనే. మాకు దీనికి తిరగేసి ఉంటుంది. గుడ్డని కరక్కాయ, బర్రెపాలల్లో తడిపి ఆరబెట్టినాక మొట్టమొదట పడేది నల్ల గీతే. ఆ నలుపు కసిమి, అంటే తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళల్లో వారాల తరబడి ఊరబెట్టింది. గీత తప్పు పడితే ఇంక దిద్దేదానికి లేదు. వాళ్ళకి ఆఖర్న వచ్చేది మాకు మొదట్లోనే వచ్చేస్తుంది. కొచ్చికి ఎగ్జిబిషన్‌కి పోయినప్పుడు ఒక మ్యూరల్ ఆయనతో దీని మీదనే పొద్దుపోయేదాకా మాట్లాడినాం, ఆయనకి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు. చేతులతోనే.

నా బాధ వేరే. కాళహస్తికి రోజూ అంత మంది రాహుకేతు పూజకి వస్తారు. పూజ అయినాక చెంగాళమ్మ గుడికో తిరుపతికో పోయేదే గానీ, ఒక రాత్రి నిలిచి కలం పట్టుకునేవాళ్ళు యాడ? ఇట్లాంటి ఇల్లు ఒకటి మా వీధిలో ఎందుకు లేదు?

వరంగల్_వాన
@కాళహస్తి_కలం అన్నా, చేర్యాలల గూడ గంతే. నకాశీ పటాలు, ఆ ఎర్ర రంగు, చింతగింజల గుజ్జు, కొబ్బరి చిప్పల రంగులు, అన్నీ ఇంట్లనే ఉంటయ్. పోచంపల్లికి 2021ల ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 'బెస్ట్ టూరిజం విలేజ్' అని ఇచ్చింది. పోయేటోళ్ళు చీర కొనుక్కొని చీకటి పడకముందే హైదరాబాద్ జేరుకుంటరు. గంట దూరమే గదా అంటరు.

డల్లాస్_దత్తు
మనవాళ్ళు ఇంటికి పరాయివాళ్ళని రానివ్వరండీ, అదే తేడా. ఇక్కడ న్యూమెక్సికోలో శాంటా ఫే అని 1610 నాటి ఊరుంది. మట్టి ఇళ్ళు, ఒక వీధి మొత్తం గ్యాలరీలే. మా నాన్నగారు వచ్చినప్పుడు అక్కడ ఇలాంటి ఇంట్లోనే దిగాం. పొద్దున్న అతిథులందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాన్నగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం, ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. పక్కన ఉన్న ముసలాయన మట్టి కుండలు చేస్తాడని తెలిసేసరికి, మా ఊరి కుమ్మరి సారె గురించి సగం తెలుగులో మొదలుపెట్టారు. నేను అనువాదం చేసీ చేసీ నా టిఫిన్ చల్లారిపోయింది.

నిజాంపేట_నాని
దత్తన్నా, డాలర్ల లెక్క మాకు చెప్పకు. 5,500 గురించి మాట్లాడుకుంటున్నం.

కాళహస్తి_కలం
దత్తు గారూ, పరాయివాళ్ళని రానివ్వరనేది ఒప్పుకోను. మా ఇంట్లో అన్నం తినకుండా కొనుగోలుదారుడు ఎవరూ పోలేదు. రానిచ్చేది ఉంది, దాన్ని డబ్బు చేసుకునేదే మాకు తెలీదు. అటాచ్డ్ బాత్రూం కట్టాలంటే లక్షలు. పటం అమ్మితే ఎంతొస్తుంది?

చిలకలపూడి_చిన్నది
మా పెడనలో కూడా అచ్చులు కొట్టేది చూడ్డానికి వచ్చినవాళ్ళని 'మజ్జిగ తాగండి' అనకుండా ఎవరూ పంపరు. సరే కానీ అసలు ప్రశ్న పక్కకి పోతోంది.

రెండు_రూపాయల_కవి
నా గొడవ వినండి. ఇంట్లో ఉన్న బొమ్మలన్నిటికీ కింద చిన్న చీటీ, దాని మీద ధర. మెట్ల మీద, హాల్లో, చివరికి మా బాత్రూం తలుపు మీద కూడా. పళ్ళు తోముకుంటూ తల తిప్పితే '18,000'. ఇంటాయన రోజూ 'ఏది నచ్చింది?' అని అడిగేవాడు. మూడో పూటకి మేం వెనక గుమ్మంలోంచి రాకపోకలు మొదలెట్టాం. అది ఇల్లా, దుకాణమా?

కుంచె_కాగితం
దుకాణమే అనుకోండి, తప్పేంటి? చిత్రకారుడు బొమ్మ అమ్మకపోతే ఏం తింటాడు? చీర కొట్టుకి వెళ్ళి వంద చీరలు విప్పించి కొనకుండా వచ్చినప్పుడు లేని మొహమాటం ఇక్కడెందుకు? 'బాగుంది, కొనను' అనండి, అయిపోయింది.

రెండు_రూపాయల_కవి
చీరల కొట్టులో నేను పడుకోను కదండీ.

బెజవాడ_బస్టాండు
కవి గారికి ఈ పూట మార్కులు.

కుంచె_కాగితం
అది ఒప్పుకోవాల్సిందే. బాత్రూం తలుపు మీద ధర పెట్టడం నాకూ నచ్చలేదు. కానీ నేను ఒకటి కొన్నా, చిన్నది. మ్యూరల్ పద్ధతే, కాన్వాస్ మీద యాక్రిలిక్‌తో వేసింది. 'ఇది ఆకులూ రాళ్ళూ కాదమ్మా, కొట్లో కొన్న రంగులు' అని ఆయనే చెప్పాడు. కొన్ని చోట్ల ప్రింటు అంటించి పైన రెండు కుంచె గీతలు గీసి 'ఒరిజినల్' అంటారు. వెలుతురికి ఏటవాలుగా పట్టి చూడండి, రంగు ఎత్తుపల్లాలు బొమ్మలోని గీతల వెంట వెళ్ళకపోతే ప్రింటే.

ముగ్గురు_పిల్లల_తల్లి
పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఆగండి. మా రెండోవాడు గోడ మీద ఏనుగుల వరసలో తన ఏనుగుని కూడా చేర్చాడు, స్కెచ్ పెన్నుతో. ఇంటావిడ ఏమీ అనలేదు, నవ్వింది కూడా. బిల్లులో మాత్రం 1,500 వేసింది.

వంకాయ_మెంతికారం
న్యాయమే కదండీ? గోడ వాళ్ళది.

ముగ్గురు_పిల్లల_తల్లి
న్యాయమే. నవ్వకుండా ఉంటే ఇంకా బాగుండేది, నేను ధైర్యంగా టీ కూడా అడిగా.

నిజాంపేట_నాని
మా కాడ ఏనుగు రాలిపోయింది, మీకాడ ఏనుగు ఎక్కువైంది.

పోయినసారి_పోయినోడు
బినాలే గురించి ఒక మాట. 2022లో డిసెంబర్ 12 అని నమ్మి మేం మొదటి వారానికే వెళ్ళాం. వాయిదా వేసి 23న మొదలెట్టారు. హాళ్ళకి తాళాలు, లోపల మేకులు కొట్టే చప్పుడు. ఆ ఖాళీలో మమ్మల్ని కాపాడింది మా హోమ్‌స్టే ఆవిడే. హాల్లో పనిచేస్తున్న ఒక అమ్మాయి రోజూ వాళ్ళ ఇంటికి భోజనానికి వచ్చేది. ఆ అమ్మాయి మమ్మల్ని వెనక దారిన తీసుకెళ్ళి, పాత గిడ్డంగిలో పైకప్పు నుంచి తాళ్ళు ఎలా కడుతున్నారో చూపించింది. మీరు జనవరి అన్నారు కాబట్టి భయం లేదు, అన్నీ తెరిచే ఉంటాయి.

ఒకే రోజులో అంతా చూసేద్దామనుకోకండి. ఫోర్ట్ కొచ్చి నుంచి మట్టాంచేరి దాకా పాత గిడ్డంగులు, గోదాములు, ఇళ్ళల్లో చెదురుమదురుగా ఉంటుంది. అమ్మగారు రెండు హాళ్ళు చూసేసరికి 'ఈ చెత్త కుప్పేంటి?' అంటారు, మా మామయ్య అన్నట్టే. ఆవిడ్ని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో కూర్చోబెట్టండి, చల్లగా ఉంటుంది. వాస్కోడగామాని 1524లో పూడ్చింది అక్కడే, తర్వాత ఎముకల్ని పోర్చుగల్ తీసుకెళ్ళారు. రాయి మాత్రం ఉంది. పైన గుడ్డ పంఖాలు వేలాడుతుంటాయి, వాటి తాళ్ళు బయటికి వెళ్తాయి. లోపల దొరలు ప్రార్థన చేస్తుంటే బయట ఎండలో కూలివాళ్ళు లాగేవాళ్ళన్నమాట. మా మామయ్య బినాలే మొత్తంలో మెచ్చుకుంది ఆ పంఖాలనే, అవి బినాలేవి కావు.

కొచ్చి_కోడలు
😄 శుక్రవారం మట్టాంచేరి ప్యాలెస్ మూసేస్తారు, శనివారం జ్యూ టౌన్‌లో సినగాగ్, అంటే యూదుల ప్రార్థన మందిరం, తెరవరు. 1568 నాటిది అది. చైనా నుంచి తెప్పించిన నీలం పలకల నేల, ఒక పలకలా ఇంకోటి ఉండదు. చెప్పులు విప్పే వెళ్ళాలి, కాబట్టి అమ్మగారికి సాక్సు. ఈ రెండు రోజులూ కలిసొచ్చేలా వస్తే సగం ఊరు మూసే ఉంటుంది.

ఇంకోటి, డిసెంబర్ ఆఖరి పది రోజులు ఎవరూ రావొద్దు. కార్నివాల్, 31 రాత్రి పప్పాంజి అనే పెద్ద ముసలాయన బొమ్మ దహనం, ఇసకేస్తే రాలనంత జనం. గది ధరలకి అప్పుడు లెక్కే ఉండదు. జనవరిలో తగ్గాలి. 5,500 అన్నది కార్నివాల్ ధరేనేమో, ఫోన్ చేసి అడగండి, రెండు రాత్రులు కంటే ఎక్కువుంటే తగ్గిస్తారు.

దోమలు. దోమల గురించి ఒక్కరూ రాయలేదు, ఆశ్చర్యం. దోమతెర ఉందా అని అడగండి.

మోకాలి_చిప్ప
దోమతెర ఉంటే మంచం మీదనుంచి ఆ బొమ్మ కనబడదు, అదొకటి.

బెజవాడ_బస్టాండు
5,500 పెట్టి తెరలోంచి మసగ్గా శివుడు.

పెసరట్టు_ఉప్మా
ఫోన్ చేశా. ఇంటాయనే ఎత్తారు. అక్కడే ఉంటారట, భార్య, తండ్రి కూడా. గోల్డ్ తరగతి. కింద ఒకే గది ఉంది, అందులో మ్యూరల్ లేదు, ఆయన పాత స్కెచ్‌లు తగిలించారట. అదైతే 3,800. బాత్రూం గట్టు ఫోటో అడిగితే ముందు అర్థం కాలేదు, తర్వాత నవ్వి, స్కేలు పక్కన పెట్టి మరీ ఫోటో పంపారు. నాలుగు అంగుళాలు. వెల్లుల్లి లేకుండా చేస్తామన్నారు, వాళ్ళ నాన్నగారు కూడా తినరట.

గేటు సంగతి అడిగితే 'పది తర్వాత ఫోర్ట్ కొచ్చిలో మీరు ఎక్కడికి వెళ్తారు?' అని ఎదురు ప్రశ్న.

కుంచె_కాగితం
తీసుకోండి! ఈయన నిజమైనాయనే. స్కెచ్‌లు ఇంకా మంచివి, చేయి ఎలా తిరుగుతుందో తెలుస్తుంది.

నిజాంపేట_నాని
స్కేలు పెట్టి ఫోటో పంపిండంటే మనిషి మంచోడే. తీస్కో అన్నా. కానీ స్విచ్‌బోర్డు ఏడున్నదో అడుగు.

పెసరట్టు_ఉప్మా
మా ఆవిడ మాత్రం ముఖం ముడుచుకుంది. మ్యూరల్ గది పైన ఉంది, తనకి అదే కావాలంది. ఇప్పుడు ఆలోచన ఏంటంటే కింద గది అమ్మకీ నాకూ, పైది ఆవిడకి. అంటే 9,300. నేను మొదలుపెట్టింది డబ్బు మిగల్చడానికి.

వంకాయ_మెంతికారం
భార్యాభర్తలు వేరే అంతస్తుల్లో. హనీమూన్ ప్యాకేజీ కాదన్నమాట.

డల్లాస్_దత్తు
అమ్మగారితో మీ ఆవిడ కింద పడుకుని, పగలు పైకెళ్ళి చూసొస్తే? ఇంటాయన్ని అడిగితే పై గది ఖాళీగా ఉన్నప్పుడు చూపిస్తారు. ఇలాంటి ఇళ్ళల్లో అదే సుఖం, అడగొచ్చు.

కొచ్చి_కోడలు
దత్తు గారి మాట వినండి. కింద గదిలో మూడో మంచం వెయ్యమనండి, వేస్తారు. మిగిలిన డబ్బుతో ఒక సాయంత్రం కథకళికి వెళ్ళండి. ప్రదర్శనకి గంట ముందు వెళ్తే మేకప్ వేసుకోవడం చూడొచ్చు. నటుడు వెల్లకిలా పడుకుంటే ఇంకొకాయన బియ్యప్పిండి, సున్నం కలిపి చెంపల చుట్టూ తెల్ల అంచు కడతాడు. మ్యూరల్‌లో మొహాలు అలా ఎందుకున్నాయో అది చూస్తే మీ ఆవిడకి ఇట్టే తెలుస్తుంది.

ఎర్నాకులం నుంచి ఫోర్ట్ కొచ్చికి వాటర్ మెట్రో హైకోర్టు దగ్గర ఎక్కాలి. ఏసీ పడవ, ఊగదు, అమ్మగారికి నయం. శని, ఆదివారాలు క్యూ చాంతాడంత ఉంటుంది. పాత సర్కారు పడవ చాలా చవక, కానీ ఎక్కేటప్పుడు చిన్న గెంతు గెంతాలి. సామానుంటే టాక్సీయే.

పెసరట్టు_ఉప్మా
మా ఆవిడ ఈ చర్చ మొత్తం చదివింది. మూడో మంచానికి ఒప్పుకుంది, కథకళి తన డబ్బుతోనట. అమ్మకి టీవీ లేదని ఇంకా చెప్పలేదు.

టికెట్_కన్ఫర్మ్
మరి రైలు?

పెసరట్టు_ఉప్మా
ఇప్పుడే చూశా. స్లీపర్, థర్డ్ ఏసీ రెండూ వెయిటింగ్ లిస్టే. సెకండ్ ఏసీలో 'రిగ్రెట్' అని వస్తోంది.

స్వామియే_శరణం
మాల వేసుకోండి, మా బస్సులో మూడు సీట్లున్నాయి.

టికెట్_కన్ఫర్మ్
ఆగండాగండి. మకరజ్యోతి అయ్యాక 20వ తారీఖు తర్వాత చూడండి, బండి ఖాళీ అవుతుంది. బినాలే మార్చి దాకా ఉందని మీరే రాశారు కదా. ఆ ఇంటాయనకి మళ్ళీ ఫోన్ చెయ్యండి, ధర ఇంకో మూడొందలు తగ్గినా తగ్గొచ్చు.